ఎనుబది ప్రతులనుండి అంతర్జాలమువఱకు

(పట్టణ పఠనమందిర వార్షికోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)

 

పఠనమందిర వార్షికోత్సవమున గ్రంథమహిమను గూర్చి ప్రసంగించుట ఆచారము. ఈ యేడు ఆ యాచారమును కొంచెము తప్పవలసి వచ్చినది. మందిరపు పద్దులను పరిశీలించిన సభ్యులు కొందఱు న్యాయమైన ప్రశ్న యొకటి లేవదీసిరి. పత్రికలన్నియు చేతిలోని ఫోనులో ఊరక దొరకుచుండగా వానికి ఏటేట చందా కట్టుట యెందులకు? ఆ ధనముతో నాలుగు కుర్చీలు కొనరాదా? పంకాలు బాగుచేయింపరాదా? ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక మఱొక పెద్ద ప్రశ్న నిలిచియున్నది. పత్రికను బ్రతికించువాడెవడు? ఎవడు బ్రతికించునో వానికే పత్రిక జవాబుదారి యగును గదా!

ఈ ప్రశ్నకు సూత్రములతో సమాధానము చెప్పుటకంటె ఒక పత్రిక చరిత్రను చెప్పుకొనుట మేలని మాకు తోచినది. చెన్నపట్టణమునుండి వెలువడు 'ది హిందూ' యను ఆంగ్ల దినపత్రిక 1878లో పుట్టి, చేతి అచ్చునుండి అంతర్జాలమువఱకు అన్ని యుగములను చూచినది. ఏ యెండకా గొడుగు పట్టుచు వచ్చినది. గొడుగు మాఱినప్పుడెల్ల దాని క్రింద నిలిచినదెవరు, దాని వెల చెల్లించినదెవరు అను విషయమును గుర్తించినచో మన ప్రశ్నకు సమాధానము దానియంతట అదియే దొరకును.

1878లో మదరాసు హైకోర్టు న్యాయపీఠముపై తొలి భారతీయుడుగా టి. ముత్తుస్వామి అయ్యరుగారు నియమితులైరి. దొరల యాజమాన్యములోని పత్రికలు ఆ నియామకమును సహింపక దుయ్యబట్టెను. వానికి బదులు చెప్పుటకు ఆంగ్లమున మనవారి చేతిలో పత్రిక లేదు. అప్పుడు ఆఱుగురు యువకులు పూనుకొనిరి. అందు జి. సుబ్రహ్మణ్య అయ్యరు, ఎం. వీరరాఘవాచారియరు అనువారిరువురు ఉపాధ్యాయులు. తక్కిన నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు: టి. టి. రంగాచారియరు, పి. వి. రంగాచారియరు, డి. కేశవరావు పంతులు, న్యాపతి సుబ్బారావు పంతులు. ఈ కడపటివారు మనకు పరాయివారు కారు. తరువాత రాజమహేంద్రవరమున న్యాయవాదియై, 'చింతామణి' పత్రికను నెలకొల్పి, ఆంధ్రోద్యమమునకును కాంగ్రెసునకును సేవచేసిన మన సుబ్బారావు పంతులుగారే. ఆ పత్రిక పునాదిలో ఒక రాయి తెలుగువాని చేతితో పడినదని చెప్పుకొనుటకు మనకు హక్కు గలదు.

వారి మూలధనమెంత? అప్పు తెచ్చిన రూపాయి పండ్రెండణాలు. అచ్చువేసిన ప్రతులెన్ని? ఎనుబది. వెల నాలుగణాలు. 1878 సెప్టెంబరు 20వ తేదీన ఆ వారపత్రిక వెలువడెను. నాలుగణాలనగా ఆనాడు తేలికైన సొమ్ము కాదు. అయినను ఆ పత్రిక ఊరక పంచబడలేదు. పత్రికను చదువుటకును దానికి వెల యిచ్చుటకును నడుమ ఆనాడు దూరము లేదు. చదువరి పోషకుడు, పోషకుడే చదువరి.

ఆ యేటి మార్చిలోనే లిట్టను ప్రభువు దేశభాషాపత్రికల చట్టమును తెచ్చియుండెను. దేశభాషలలో వెలువడు పత్రికలు ప్రభుత్వమునకు ఇష్టములేని మాట అచ్చువేసినచో జామీను అడుగుటకును, ముద్రణాలయమును జప్తు చేయుటకును అధికారులకు ఆ చట్టము బలమిచ్చెను. ఆంగ్ల పత్రికలకు అది వర్తింపలేదు. 1882లో రిప్పను ప్రభువు కాలమున అది రద్దయ్యెను. ఈ సంగతిని మనస్సులో నుంచుకొనుడు. నోరు నొక్కు విద్య యంత్రముతోపాటు ఎట్లు మాఱునో ముందు చూతము.

1883 అక్టోబరునుండి ఆ పత్రిక వారమునకు మూడుమార్లు వెలువడసాగెను. 1889 ఏప్రిల్ 1నుండి దినపత్రిక యయ్యెను. 1885లో బొంబాయిలో కూడిన తొలి కాంగ్రెసు మహాసభలో మొదటి తీర్మానమును ప్రతిపాదించినవారు సుబ్రహ్మణ్య అయ్యరుగారే. ఆయన రాజకీయములయందు ఎంత తీవ్రులో సంఘసంస్కారమునందును అంత తీవ్రులు. బాలవితంతువైన తన కుమార్తెకు 1889లో పునర్వివాహము చేసిరి. పూర్వాచారపరులైన పాఠకులకు ఆయన వ్రాతలు రుచింపలేదు. అప్పులు పెరిగెను. 1898లో భాగస్వామ్యము విడిపోయెను. అయ్యరుగారు తాము 1882లో స్థాపించిన 'స్వదేశమిత్రన్' అను తమిళ పత్రికకు తరలిపోయిరి. 1905లో వీరరాఘవాచారియరుగారు పత్రికను అమ్మజూపగా, కస్తూరి రంగ అయ్యంగారను న్యాయవాది 75,000 రూపాయలకు కొనిరి. అప్పటికి దాని ప్రతులు 800 మాత్రమే.

ఎనుబది ప్రతులతో పుట్టి, ఇరువదియేడేండ్లకు ఎనిమిదివందలకు చేరినది. నేటి లెక్కలలో ఇది నవ్వు పుట్టించు సంఖ్య. కాని ఆ యెనిమిదివందల మంది కట్టిన చందాపై నిలిచిన పత్రిక మాటను ప్రభుత్వము వినకుండ ఉండలేకపోయెను. అది పాఠకుల బలమని చెప్పునప్పుడు దాని రెండవ ముఖమును కూడ దాచరాదు. ఆ పాఠకులే తమకు నచ్చని సంస్కర్తను నిలువనీయలేదు. పాఠకుని ధనముపై బ్రతుకు పత్రికకు పాఠకుని దురభిప్రాయములనుండి కూడ ఒత్తిడి గలదు. లోకములో ఏ పోషకుడును ఊరక పోషింపడు. అయినను ఒక్క వ్యాపారి ఒత్తిడికంటె, ఒక్క ప్రభుత్వపు ఒత్తిడికంటె, వేలమంది పాఠకుల వేయివిధములైన ఒత్తిడి పత్రికకు మేలు. వారిని వాదించి ఒప్పింపవచ్చును. కొందఱు పోయినను కొందఱు నిలుతురు.

కొత్త యాజమాన్యమున పత్రిక వర్ధిల్లెను. అప్పటినుండి వేగము కొఱకు సాగిన పరుగు చదువదగినది. రోటరీ యంత్రములు వచ్చెను. 1958వఱకు మొదటి పుట నిండ ప్రకటనలే యుండెడివి. ఆ యేడు వార్తలు మొదటి పుటకు వచ్చెను. 1963లో చెన్నపట్టణమునుండి ఇతర నగరములకు పత్రికలను చేరవేయుటకు సొంత విమానములనే నడిపిరి. రైలుకొఱకు కాచుకొని మఱునాటికి పత్రికనందుకొను పాఠకునకు ఆనాటి పత్రిక ఆనాడే అందసాగెను. తరువాత పత్రికను మోయుటకు బదులు పుట యొక్క ప్రతిబింబమునే తీగెపై పంపు ఉపాయము వచ్చెను. 1969లో ఆ ఫ్యాక్సిమిలీ పద్ధతిచే కోయంబత్తూరున అచ్చు మొదలయ్యెను. పిమ్మట బెంగుళూరు, హైదరాబాదు, మదురై ముద్రణలు వచ్చినవి. 1980లో కంప్యూటరు సాయముతో అక్షరములు కూర్చుట మొదలయ్యెను. సీసపు అక్షరములు మూలబడెను. 1986లో ఉపగ్రహము ద్వారా పుటలను పంపి ఢిల్లీ చెంత అచ్చువేసిరి.

ఇంత మార్పు జరిగినను ఒక్క సంగతి మాఱలేదు. సీసపు అక్షరముతో కూర్చినను, ఉపగ్రహముతో పంపినను, చివరకు పాఠకుని గడపలో పడినది కాగితమే. దానికి అతడు వెల యిచ్చెను. ఏజంటు నెలాఖరున వచ్చి పద్దు చూపెను. వంద సంవత్సరములకు పైబడిన యంత్రవిప్లవములన్నియు పత్రికకును పాఠకునకును గల ఈ ముడిని విప్పలేదు; మఱింత బిగించెను. ముడి విప్పినది వేఱొకటి.

1995లో భారతదేశపు పత్రికలలో మొదటిదిగా 'ది హిందూ' అంతర్జాలమునకు ఎక్కెను. ఆ యేడు ఆగస్టు 15వ తేదీననే మన దేశమున సామాన్యులకు అంతర్జాలసేవ ప్రారంభమైనది. ఊళ్లలో దానిని చూచినవారే అరుదు. టెలిఫోను తీగెపై నత్తనడకన ఒక్కొక్క పుట దిగివచ్చెడిది. కావున ఆ తొలి పాఠకులలో పెక్కురు విదేశములలోని మనవారు. అమెరికాలో ఉద్యోగములకొఱకు పోయిన తెలుగు యువకులు మదరాసు వార్తలను, హైదరాబాదు వార్తలను తపాలాకొఱకు వారాలు వేచియుండక చదువగలిగిరి. అది గొప్ప మేలు. దానిని తక్కువచేసి చెప్పుట అన్యాయము.

కాని ఆ కొత్త పత్రిక ఊరక ఇయ్యబడెను. లోకములోని పత్రికలు పెక్కు ఆనాడు అట్లే చేసినవి. ఏలయనగా, వెనుకటినుండియు పత్రిక అమ్మకపు వెల కాగితపు ఖర్చుకు కూడ చాలుట లేదు. లోటును ప్రకటనలు పూడ్చుచుండెను. పాఠకులు పెరిగినచో ప్రకటనలు పెరుగును. ప్రకటనలు పెరిగినచో ధనము వచ్చును. కావున తెరపై ఊరక చూపినను నష్టము లేదని లెక్కగట్టిరి. కాగితముపై ఈ లెక్క కొంత నిజమైనది. తెరపై అది తలక్రిందులయ్యెను.

దానికి కారణములు రెండు. మొదటిది: కాగితముపై చోటు కొలది, కావున దానికి వెల గలదు. తెరపై చోటునకు హద్దు లేదు. హద్దులేని వస్తువునకు వెల పడిపోవును. రెండవది: పత్రికకు కామధేనువులైన చిన్న ప్రకటనలు విడిపోయినవి. ఆదివారపు వధూవరుల ప్రకటనలు, ఉద్యోగముల ప్రకటనలు, ఇండ్ల క్రయవిక్రయ ప్రకటనలు, ఇవి ఒక్కొక్కటి నాలుగు పంక్తులైనను కలిసి పుటలు నింపెడివి. 1997లో నౌకరీ యను ఉద్యోగముల వెబ్‌సైటు వచ్చెను. చెన్నపట్టణముననే నెలకొన్న భారత్ మ్యాట్రిమొనీ పెండ్లి సంబంధములను తెరపైకి తీసికొనిపోయెను. ఆదివారము నాడు తండ్రి కళ్లజోడు పెట్టుకొని పెన్సిలుతో గీతలు గీసిన ఆ పుట, కుమార్తె చేతిలోని ఫోనులోనికి పోయెను. వార్తలను వ్రాయుటకు ఖర్చు నిలిచియున్నది. ఆ ఖర్చును మోసిన ప్రకటన వెళ్లిపోయినది.

మిగిలిన ప్రకటనలైనను పత్రికకు చేరెనా? లేదు. నడుమ దళారి వచ్చెను. గూగుల్, ఫేస్‌బుక్ మొదలగు అమెరికా సంస్థలు వార్తను వ్రాయవు. వార్తకొఱకు వచ్చు పాఠకునికి దారి చూపును. పాఠకుడు ఎవడు, ఎచట నుండును, ఏమి కొనును అను రహస్యము దళారి చేతిలో నుండును. కావున ప్రకటనదారుడు వాని వద్దకు పోవును. సంతలో సరకు రైతుది, కాటా దళారిది యైనప్పుడు రైతునకు ఏమి మిగులునో మన జిల్లాలవారికి చెప్పనక్కఱలేదు. 2021లో ఆస్ట్రేలియా ప్రభుత్వము పత్రికలతో బేరమాడుడని ఈ సంస్థలను నిర్బంధించు చట్టము చేసెను. మన దేశమున డిజిటల్ పత్రికాధిపతుల సంఘము ఫిర్యాదు చేయగా, 2022 జనవరిలో కాంపిటీషన్ కమీషను గూగుల్ పోకడలపై విచారణకు ఆజ్ఞాపించెను. ఇప్పుడు కృత్రిమ మేధ యనునది వచ్చి, పత్రికల వ్రాతలను మేసి, పాఠకునకు తానే జవాబు చెప్పుచున్నది. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్ ఏఐ పై ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసెను. విదేశవస్త్రమును మనము ఏల విడిచితిమో తెలిసినవారికి ఈ వర్తకపు స్వరూపము క్రొత్త కాదు. పత్తి మనది, మగ్గము వారిది, లాభము వారిది, గుడ్డ మనకే అమ్మకము.

ఇంతవఱకు చెప్పినది విని, తెర చెడ్డది, కాగితము మంచిది యని మేము వాదించుచున్నామని యెవరును తలపరాదు. 2015 డిసెంబరు మొదటి దినములలో చెన్నపట్టణమును వఱద ముంచెత్తెను. పత్రిక అచ్చుశాల నగరమునకు వెలుపల మరైమలై నగరుననున్నది. పనివారు అచటికి చేరలేకపోయిరి. డిసెంబరు 2వ తేదీన చెన్నపట్టణమున ఆ పత్రిక అచ్చుకాలేదు. 1878లో పుట్టిననాటినుండి అట్టి దినము రాలేదు. రెండు ప్రపంచయుద్ధములు ఆపలేని పత్రికను ఒక వాన ఆపెను. కాని ఆనాడును వెబ్‌సైటు నడచెను. ఏ వీథి మునిగినది, ఎచట సాయము దొరకును అను వార్త వెలుగున్న ప్రతి ఫోనుకును చేరుటకు వీలయ్యెను. 2020లో కరోనా మహమ్మారి నాటికి కాగితమును ముట్టుటకే జనులు భయపడిరి. పెక్కు నగరములలో పంపిణీ నిలిచిపోయెను. అప్పుడును తెరయే ఆదుకొనెను. కావున తెరను నిందించుట పడవను నిందించుట వంటిది. ఏఱు దాటించునది పడవయే. అయితే పడవవానికి కూలి యిచ్చువాడెవడు? ఇదియే మన ప్రశ్న.

పడవకు మఱొక ప్రమాదము గలదు. దాని త్రాడు ఒడ్డున మఱొకరి చేతిలోనున్నది. 1878నాటి ప్రభుత్వము పత్రికను ఆపవలెనన్నచో జామీను అడిగి, నోటీసు పంపి, అచ్చుశాలకు బంట్రోతులను పంపవలసియుండెను. నేడు ఒక్క మీట చాలును. 2019 ఆగస్టులో కాశ్మీరమున అంతర్జాలమును, టెలిఫోనులను ఆపివేసిరి. తెరపై వార్త రాకపోవుటయే కాదు. విలేకరి వార్త పంపలేక, పుటలు చేరలేక కాగితపు పత్రికయు కుంటుపడెను. కాశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనూరాధా భసీన్ సుప్రీంకోర్టుకు పోయిరి. 2020 జనవరి 10న వెలువడిన తీర్పులో, అంతర్జాలము ద్వారా భావప్రకటన చేయుట రాజ్యాంగపు 19వ అధికరణముచే రక్షింపబడునని, అట్టి నిషేధపు ఉత్తరువులను ప్రకటింపవలెనని, అవధిలేని నిషేధము చెల్లదని న్యాయస్థానము చెప్పెను. అది మంచి మాట. అయినను తీర్పు వచ్చుటకు అయిదు నెలలు పట్టెను. అయిదు నెలలు వార్తలేని ఊరిలో వదంతియే రాజ్యమేలును.

ఇట్టి సమయములలో ప్రభుత్వమునకు ఎదురుగా నిలిచి మాటలాడుటకు పత్రికకు బలమెచటినుండి రావలెను? 2019 ఫిబ్రవరిలో రఫేల్ యుద్ధవిమానముల కొనుగోలునకు సంబంధించిన ప్రభుత్వపత్రములను 'ది హిందూ' ప్రకటించెను. ఆ పత్రములు దొంగిలింపబడినవని, అధికార రహస్యముల చట్టము వర్తించునని కేంద్రప్రభుత్వము పక్షమున సుప్రీంకోర్టులో వాదించిరి. ఏప్రిల్ 10న న్యాయస్థానము ఆ అభ్యంతరమును త్రోసిపుచ్చి, ఆ పత్రములను పరిశీలింపవచ్చుననెను. పునర్విచారణకై వేసిన దరఖాస్తులు అదే యేడు నవంబరులో కొట్టివేయబడెను. కొనుగోలు వ్యవహారపు మంచిచెడ్డలను మేమిచట విచారించుట లేదు. మేము చెప్పునది ఇంతే: అట్టి పత్రమును సంపాదించి, నిజమో కాదో పోల్చి, ప్రకటించి, న్యాయస్థానము ముంగిట నిలువగల పత్రికకు అనుభవజ్ఞులైన విలేకరులు కావలెను, న్యాయవాదులు కావలెను, నెలలకొలది జీతములు కావలెను. ఊరక వచ్చు వార్త ఈ ఖర్చును మోయదు. ప్రకటనలలో పెద్దభాగము ప్రభుత్వములనుండి వచ్చునప్పుడు మోయవలెనన్నను ధైర్యము చాలదు.

1956నాటి చట్టము ననుసరించి పుటల లెక్కనుబట్టి పత్రికల వెలను నిర్ణయింప ప్రభుత్వము పూనినప్పుడు, పూనా నగరపు 'సకాళ్' పత్రిక వేసిన వ్యాజ్యములో 1961లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టివేసెను. పత్రిక యొక్క వెల, దాని పుటలు, దాని పాఠకుల సంఖ్య, ఇవియన్నియు వాక్స్వాతంత్ర్యములో భాగములే యని ఆ తీర్పు సారము. ఆనాడు న్యాయస్థానము గుర్తించిన దానిని పాఠకులమైన మనము మఱచితిమి. పత్రిక వెలయనునది కాగితపు వెల కాదు, స్వాతంత్ర్యపు వెల.

తెరపైని పత్రికనుగూర్చి మఱొక సంగతి. కాగితముపై పడిన తప్పు మఱునాడు సవరణ వేసినదాక, వేసిన తరువాతను, దస్త్రములో నిలిచియుండును. తెరపైని తప్పును ఎవరికిని తెలియకుండ చెఱిపివేయవచ్చును. ఉదయము చదివిన వాక్యము సాయంకాలమునకు మాఱియుండవచ్చును. 2006లో 'ది హిందూ' మన దేశమున మొదటిసారిగా పాఠకుల సంపాదకుడను పదవిని ఏర్పఱచి, కె. నారాయణన్ గారిని నియమించెను. పాఠకుల ఫిర్యాదులను విని, తప్పొప్పులను బహిరంగముగా ప్రకటించుట ఆయన పని. యంత్రములకంటె ఈ పదవియే గొప్ప సంస్కారమని మా యభిప్రాయము. విమానము కొనుటకు ధనము చాలును. తన తప్పును తన పుటలోనే అచ్చువేయుటకు ధనముతోపాటు నిష్ఠ కావలెను.

ఇక చందా సంగతికి వత్తము. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత అంతర్జాలపు వెల పడిపోయి, ఊరూర, ఇంటింట తెర వెలసెను. పాఠకులు కోట్లకు పెరిగిరి. పత్రికల రాబడి మాత్రము ఆ లెక్కన పెరుగలేదు. అప్పుడు పత్రికలు మేల్కొని వెనుకటి దారికే మరలినవి. 'ది హిందూ'యును తన వెబ్‌సైటులోని వ్రాతలలో కొన్నింటిని, అచ్చుపుటల ప్రతిబింబమైన ఈ-పేపరును చందాదారులకే పరిమితము చేసెను. నూటపదునేడేండ్లు వెలకు అమ్మి, పిమ్మట ఇరువదేండ్లకు పైగా ఊరక యిచ్చి, మరల వెల యడుగవలసి వచ్చినది. అలవాటు తప్పిన పాఠకునకు ఇది అన్యాయముగా తోచుచున్నది. 'ఉచితము' అను మాటకు తగినది యను అర్థమును గలదు. కాని వెలలేనిదెల్ల తగినది కాదు.

దీనికి ఎదురుగా బలమైన వాదమొకటి గలదు. దానిని దాటవేయుట మాకిష్టము లేదు. చందా గోడ లేచినచో దాని వెలుపల నిలుచువాడెవడు? పేదవాడు. నిజమైన వార్త ధనికుని యింట తాళము క్రింద నుండగా, అబద్ధము వీథిలో ఊరక పంచబడును. వాట్సాపులో వచ్చు కట్టుకథకు చందా లేదు. ఓటు హక్కు అందఱిదై, వార్త కొందఱిదైనచో ప్రజాస్వామ్యమున కది గొడ్డలిపెట్టు. ఈ వాదమునకు జవాబు పత్రికాధిపతుల వద్ద లేదు. ప్రభుత్వము వద్ద ఉండరాదు. జవాబు ఈ గదిలోనున్నది.

పఠనమందిరమను దానిని మన పెద్దలు ఎందులకు కట్టిరి? 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులు కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించుటలో ఉద్దేశమేమి? ఒక్కడు కొనలేని దానిని నలుగురు కలిసి కొని, నూఱుగురు చదువుట. పత్రికకు వెల ముట్టును. పేదవానికి వార్త ముట్టును. పత్రికకు యాచన లేదు, పాఠకునకు అవమానము లేదు. అంతర్జాలపు యుగమున లోకములోని పెద్ద పత్రికలు తల బద్దలు కొట్టుకొనుచున్న చిక్కునకు మన పల్లెలలోని పెంకుటింటి పఠనాలయములు వందయేండ్ల క్రిందటనే పరిష్కారము చూపినవి. దానిని కుర్చీలకొఱకు వదలుకొందమా?

చందా అందక ఆగిపోయిన వెలుగు ఎట్టిదో తెలుగువారమైన మనకు తెలియనిది కాదు. 1902లో బందరున పుట్టిన కృష్ణాపత్రికను, 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించి, 1914లో మదరాసున దినపత్రికగా మార్చిన ఆంధ్రపత్రికను తలచుకొనుడు. అమృతాంజనము సంపాదించిన ధనమును పంతులుగారు ఆంధ్రపత్రికకు ధారపోసిరి. ఒక మహాదాత యుండుట మన భాగ్యము. దాత లేనినాడు పాఠకులు నిలుపలేకపోవుట మన దౌర్భాగ్యము. మన దేశమునకు అంతర్జాలము రాకముందే, 1991లో ఆంధ్రపత్రిక నిలిచిపోయెను. నేడు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పూనికవలన దాని పాత సంచికలు ఛాయాప్రతులుగా తెరపైకి వచ్చినవి. పరిశోధకులకు అది పెన్నిధి. కాని తెర చనిపోయిన పత్రికను చూపగలదేగాని బ్రతికింపలేదు. ఆ పని పాఠకునిది. ఆ ఛాయాప్రతులైనను దొరకుటకు కారణము, ఎచటనో ఒక గ్రంథాలయమువారు చందా కట్టి తెప్పించి, చదువగనే పారవేయక, సంవత్సరముల వారిగా కుట్టి భద్రపఱచుటయే గదా!

కావున సభవారి యెదుట నాలుగు సూచనలు ఉంచుచున్నాము. మొదటిది: తెలుగు దినపత్రికలు రెండు, ఆంగ్ల దినపత్రిక యొకటి, కాగితపు ప్రతులకు చందా తప్పక కొనసాగింపవలెను. మీట నొక్కినను ఆరిపోనిది ఒకటైనను ఇంట నుండవలెను. రెండవది: మందిరము పేర ఒక పత్రిక యొక్క డిజిటల్ చందాను తీసికొని, బల్లపై ఒక కంప్యూటరు నుంచి, వచ్చిన ప్రతివానికి చదువు వీలు కల్పింపవలెను. ఒకరి చందా సంకేతమును పదుగురు దొంగచాటుగా వాడుకొనుట పనికిరాదు. సంస్థలకు వర్తించు చందాయే కట్టవలెను. హక్కులనుగూర్చి మాటలాడువారు షరతులను పాటింపవలెను. మూడవది: పాత సంచికలను చిత్తుకాగితముల వానికి తూచి అమ్ముట మాని, నెలవారీగా కుట్టించి నిలువచేయవలెను. నాలుగవది: ఇంట కట్టగల స్తోమత గలవారు ఇంటను ఒక చందా కట్టవలెను. నెలకు ఆ పైకము మన పాలవాని పద్దులో ఒక్క దినపు లెక్కకు మించకపోవచ్చును, మించినను సహింపదగినదే.

ఆఱుగురు యువకులు అప్పు తెచ్చిన రూపాయి పండ్రెండణాలతో సామ్రాజ్యమునకు బదులు చెప్పిరి. వారికి ఎనుబది ప్రతులు చాలెను. ఏలయనగా, ఆ ప్రతులు కొని చదువువారు వారికి దొరకిరి. నేడు మనకు కోటి ప్రతులు ఒక్క క్షణమున పంచగల యంత్రము గలదు. కొఱతపడినది ఆ కొని చదువు పాఠకుడే. అతనిని తయారుచేయు శాల పఠనమందిరము. దాని పద్దులో పత్రికల చందా యను పంక్తిని కొట్టివేయుటకు ముందు కార్యవర్గమువారు ఈ మాటలను ఒకమారు ఆలోచింప ప్రార్థించుచున్నాము.

వందేమాతరం.